నమ్మరాని మిత్రునికి ఆయుధ సహాయం: ఆపవలసినదే, కాని ఏ కారణం చేత?

మిత్రుడు నమ్మదగినవాడు కాడని తేలిన తరువాత కూడా అతని చేతికి ఆయుధాలు అందిస్తూ పోవచ్చునా? పాకిస్థాన్ విషయమై ఈ ప్రశ్న అమెరికన్ కాంగ్రెస్‌లో డెబ్బై సంవత్సరాలుగా తలెత్తుతూ, అణగిపోతూ, మళ్లీ తలెత్తుతూ వస్తున్నది. 1965లో సహాయం ఆపారు. 1979లో ఆపారు. 1990లో ఆపారు. 2018లో ఆపారు. ఆపిన ప్రతిసారీ మన పత్రికలు హర్షం ప్రకటించాయి. తిరిగి ప్రారంభించిన ప్రతిసారీ మన ప్రభుత్వం నిరసన తెలిపింది. ఈ హర్షానికీ ఈ నిరసనకూ నడుమ అసలు విషయం మరుగున పడిపోయింది.

ఆ సైనిక సహాయం శాశ్వతంగా ఆగిపోవలసినదేననడంలో నాకు సందేహం లేదు. అయితే పాకిస్థాన్ నమ్మరాని మిత్రదేశం గనుక ఆపాలన్న వాదనతో ఏకీభవించజాలను. ఆ వాదన వినడానికి మనకు ఇంపుగా ఉంటుంది. కాని దానిని అంగీకరించినట్లయితే, మిత్రుడు నమ్మకంగా నడుచుకున్న నాడు ఆయుధాలు ఇవ్వవచ్చునని కూడా అంగీకరించినట్లే అవుతుంది. పాకిస్థాన్ అమెరికాకు మిక్కిలి నమ్మకంగా ఉన్న సంవత్సరాలు ఏవో, ఆ సంవత్సరాలలో ఆ ఆయుధాలు ఏమి చేశాయో చూస్తే ఈ మాటలోని ప్రమాదం తేటతెల్లమవుతుంది.

మొదటి బేరం నుండి చూద్దాం. 1954 మే 19వ తేదీన కరాచీలో ఉభయ దేశాలూ పరస్పర రక్షణ సహాయ ఒడంబడికపై సంతకాలు చేశాయి. ఆ సంవత్సరమే సెప్టెంబరులో పాకిస్థాన్ సీటో కూటమిలోనూ, మరుసటి సంవత్సరం బాగ్దాద్ ఒడంబడికలోనూ చేరింది. ఈ బేరంలో అమెరికా కొనుక్కున్నది సోవియట్ యూనియన్ పొలిమేరలలో ఒక కాపలా స్థలం. పాకిస్థాన్ సైనిక నాయకత్వం కొనుక్కున్నది భారతదేశంపై ఎక్కుపెట్టగల ఆయుధాలు. ఒకే పత్రంపై సంతకాలు చేసిన ఇరువురూ రెండు వేర్వేరు సరుకులు కొన్నారు. ఎదుటివాడు కొన్నదేమిటో ఇరువురికీ తెలుసు. ఆ ఆయుధాలు దురాక్రమణకు దుర్వినియోగమైతే తగిన చర్య తీసుకుంటానని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954 ఫిబ్రవరిలోనే నెహ్రూకు లేఖ వ్రాశాడు. అటువంటి హామీ ఇవ్వవలసి వచ్చిందంటేనే, అవి ఎటువైపు తిరుగుతాయో ఇచ్చేవానికి ముందే తెలుసునన్న మాట.

తన వంతు సరుకును పాకిస్థాన్ కొంతవరకు అప్పగించింది. పెషావరు సమీపంలోని బడబేర్‌లో అమెరికన్ గూఢచార కేంద్రం వెలసింది. 1960 మే 1వ తేదీన సోవియట్ గగనతలంలో కూలిన యు-2 విమానం బయలుదేరినది పెషావరు నుండే. కాని కొరియాలో గాని, వియత్నాంలో గాని అమెరికా పక్షాన యుద్ధం చేయడానికి పాకిస్థాన్ సైన్యం వెళ్లలేదు. 1965 సెప్టెంబరులో మాత్రం అమెరికన్ ప్యాటన్ ట్యాంకులు ఖేమ్‌కరణ్ చెరకు తోటల్లోకి వచ్చాయి. అసల్ ఉత్తర్ వద్ద మన సైనికులు వాటిని పదుల సంఖ్యలో ధ్వంసం చేశారు. ఆ యుద్ధంలోనే రాజస్థాన్ సరిహద్దున గడ్రా రోడ్ వద్ద సైన్యానికి సామగ్రి చేరవేస్తూ రైల్వే కార్మికులు ప్రాణాలర్పించారు. ఏటా సెప్టెంబరు 9వ తేదీన అక్కడ వారికి నివాళులు అర్పిస్తున్నారు. ఐసెన్‌హోవర్ హామీ ఏమైనది? అమెరికా ఉభయ దేశాలకూ ఆయుధ సరఫరా ఆపివేసి చేతులు దులుపుకున్నది. పాకిస్థాన్ సైన్యం దాదాపు పూర్తిగా అమెరికన్ ఆయుధాలపైనే ఆధారపడినందున దెబ్బ దానికే ఎక్కువ తగిలింది. నమ్మి మోసపోయామన్న అభిప్రాయం నాటి నుండి రావల్పిండిలో పాతుకుపోయింది. వాషింగ్టన్ దృష్టిలో పాకిస్థాన్ నమ్మరానిది, పాకిస్థాన్ దృష్టిలో వాషింగ్టన్ నమ్మరానిది. ఇద్దరూ చెప్పినది నిజమే.

ఇక 1971 సంగతి. ఆ సంవత్సరం గూర్చి కొంత విపులంగా వ్రాయవలసి ఉన్నది.

మార్చి 25వ తేదీ రాత్రి ఢాకాలో యాహ్యాఖాన్ సైన్యం మారణకాండ ప్రారంభించింది. ఢాకాలోని అమెరికన్ కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, అతని సహోద్యోగులు ఏప్రిల్‌లో తమ ప్రభుత్వ విధానాన్నే తీవ్రంగా ఖండిస్తూ తంతి పంపారు. ఫలితం లేకపోయింది. ఎందుకంటే, అమెరికాకు పాకిస్థాన్ అంత నమ్మకంగా మరెన్నడూ లేదు. చైనాతో రహస్య రాయబారం నడపడానికి నిక్సన్ ఎంచుకున్న దారి యాహ్యాఖానే. 1971 జూలైలో కిసింజర్ ఇస్లామాబాద్‌లో జబ్బుపడినట్లు నటించి, పాకిస్థాన్ విమానంలో పెకింగ్ చేరుకున్నాడు. ఇంతకంటె విశ్వాసపాత్రుడైన మిత్రుడెవరుంటారు? ఆ విశ్వాసానికి ప్రతిఫలంగానే ఆయుధాల సామగ్రి కరాచీకి ఓడలపై తరలుతూనే ఉన్నది. మిత్రుని విశ్వసనీయతే కొలమానమైతే 1971లో ఆయుధాలు పంపడం న్యాయమే అవుతుంది! ఈ ఒక్క ఉదాహరణ చాలు, ఆ కొలమానం ఎంత తప్పుడుదో చెప్పడానికి.

ఆ నెలలోనే, జూలైలో, బాల్టిమోర్ రేవులో మరొక దృశ్యం కనిపించింది. సరుకు కోసం వస్తున్న ‘పద్మ’ అనే పాకిస్థాన్ ఓడకు అడ్డంగా కొందరు శాంతివాదులు చిన్న చిన్న తెడ్ల పడవలలో వెళ్లి నిలిచారు. పోలీసులు వారిని అరెస్టు చేశారు. అక్కడితో ఆగలేదు. ఫిలడెల్ఫియా రేవులో ఓడ కార్మికులు పాకిస్థాన్‌కు పోయే ఓడలలో సరుకు ఎక్కించబోమని నిరాకరించారు. వారు బెంగాల్‌ను చూచినవారు కారు. ఒక పూట పని పోతే కూలి పోయే వారు. అధ్యక్షుడు ఆపని దానిని ఆ రేవులో వారు ఆపారు. మిగిలి ఉన్న ఆయుధ లైసెన్సులను అమెరికా ప్రభుత్వం రద్దు చేసినది నవంబరులో. అప్పటికి మన దేశానికి శరణార్థులు దాదాపు కోటి మంది వచ్చి ఉన్నారు.

ఆ కోటి మంది భారాన్ని ఎవరు మోశారన్నది తంతి తపాలా శాఖలో ఆనాడు పనిచేసిన మిత్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1971 నవంబరు 15 నుండి కవరుపై మామూలు బిళ్లతో పాటు అయిదు పైసల శరణార్థి సహాయ బిళ్ల అంటించవలసి వచ్చింది. కొత్త బిళ్లలు చాలినన్ని అందక అనేక చోట్ల పాత బిళ్లలపైనే ముద్ర వేసి అమ్మారు. ఆ పన్ను 1973 మార్చి చివరి వరకు సాగింది. రైలు టిక్కెట్టుపై కూడా ఆ సంవత్సరమే పన్ను పడింది. వాషింగ్టన్‌లో ఒక సంతకంతో సాగిన ఆయుధ సరఫరా ఖర్చును అనకాపల్లిలో కౌంటరు వద్ద నిలబడిన మనిషి అయిదేసి పైసల చొప్పున చెల్లించాడు. మన ప్రజలు సణగక చెల్లించారు, అది మంచి పనికే. కాని బిల్లు పంపినవాడెవడో మరువరాదు. డిసెంబరులో యుద్ధం వచ్చినప్పుడు నిక్సన్ ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను బంగాళాఖాతానికి పంపాడు.

తరువాతి కథ కుళాయి కథ. తిప్పడం, కట్టడం.

1975లో ఫోర్డ్ ప్రభుత్వం ఆయుధ నిషేధాన్ని ఎత్తివేసింది. 1979 ఏప్రిల్‌లో, కహూటాలో యురేనియం శుద్ధి జరుగుతున్నదని తేలినందున, కార్టర్ ప్రభుత్వం సహాయం ఆపింది. ఆ సంవత్సరం డిసెంబరులో సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్థాన్‌లో ప్రవేశించాయి. నెల తిరగకుండానే అదే కార్టర్ 40 కోట్ల డాలర్లు ఇవ్వజూపాడు. కహూటా ఎక్కడికీ పోలేదు, దానిని చూచే కళ్లే మారిపోయాయి. జియా ఉల్ హక్ ఆ మొత్తాన్ని వేరుశనగ గింజలతో పోల్చి తిరస్కరించాడు. కార్టర్ స్వయంగా వేరుశనగ రైతు అన్న సంగతి జియాకు తెలియకపోలేదు. వేచి ఉన్నందుకు జియాకు ఫలితం దక్కింది. 1981లో రీగన్ ఆరు సంవత్సరాలకు 320 కోట్ల డాలర్ల సహాయం మంజూరు చేసి, 40 ఎఫ్-16 విమానాలు అమ్మడానికి ఒప్పుకున్నాడు.

పాకిస్థాన్ వద్ద అణ్వస్త్రం లేదని అధ్యక్షుడు ఏటా ధ్రువీకరిస్తేనే సహాయం సాగాలని 1985లో ప్రెస్లర్ సవరణ చేశారు. చట్టం గట్టిదే. 1989 వరకు ప్రతి సంవత్సరం ఆ ధ్రువపత్రం తప్పకుండా జారీ అయినది. 1989 ఫిబ్రవరిలో సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్థాన్ విడిచి వెళ్లాయి. 1990 అక్టోబరులో అధ్యక్షుడు బుష్ ఇక ధ్రువీకరించలేనన్నాడు. అవసరం తీరిన తరువాతనే సత్యం బయటపడింది. పాకిస్థాన్ సొమ్ము చెల్లించిన 28 ఎఫ్-16లు అరిజోనా ఎడారిలో నిలిచిపోయాయి. చెల్లించిన 65 కోట్ల 80 లక్షల డాలర్ల తగాదా 1998 డిసెంబరులో గాని పరిష్కారం కాలేదు, అదీ కొంత నగదుగా, మరికొంత గోధుమల వంటి సరుకుగా. వస్తువు ఇవ్వక, డబ్బు వాపసు చేయక ఎనిమిదేళ్లు త్రిప్పిన వర్తకుణ్ణి మన ఊళ్లో ఏమంటారో వ్రాయనవసరం లేదు.

అంటే పాకిస్థాన్ సైన్యాధికారులు ఈ కోతల నుండి నేర్చుకున్న పాఠం ఏమిటి? తప్పు చేస్తే సహాయం ఆగుతుందని కాదు. అమెరికాకు మన అవసరం తీరితే ఆగుతుంది, అవసరం పడితే వస్తుంది, కనుక అవసరం తీరకుండా చూచుకోవాలి, అని. మంట పూర్తిగా ఆరిపోతే మంటలార్పేవానికి జీతం ఉండదు. ఆఫ్ఘన్ వ్యవహారంలో తరువాతి నలభై ఏళ్ల ద్వంద్వనీతికి ఈ లెక్కే మూలం. కుళాయి త్రిప్పిన చేతికి కూడా ఆ ద్వంద్వనీతిలో భాగమున్నది.

2001 సెప్టెంబరు తరువాత ఇదే కథ పెద్ద అంకెలతో నడిచింది. 1998 అణు పరీక్షలకు, 1999 అక్టోబరు సైనిక తిరుగుబాటుకు విధించిన ఆంక్షలు కొద్ది వారాలలో ఎగిరిపోయాయి. 2004 ఫిబ్రవరిలో అణు శాస్త్రజ్ఞుడు ఎ. క్యు. ఖాన్ తాను అణు పరిజ్ఞానాన్ని విదేశాలకు చేరవేశానని టెలివిజన్‌లో ఒప్పుకున్నాడు. ఆ సంవత్సరం జూన్‌లో అమెరికా పాకిస్థాన్‌ను నాటోయేతర ప్రధాన మిత్రదేశంగా ప్రకటించింది. 2002 నుండి 2018 వరకు అన్ని పద్దుల క్రింద ఇచ్చినది దాదాపు 3,300 కోట్ల డాలర్లు. అందులో 1,400 కోట్లకు పైబడిన మొత్తం యుద్ధ ఖర్చుల వాపసు పేర చెల్లించినదే. ఈ వాపసు బిల్లులకు తగిన ఆధారాలు అడగకుండానే సొమ్ము చెల్లించారని అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2008లో ఆక్షేపించింది. ప్రయాణ భత్యం బిల్లులో బయలుదేరిన వేళ వ్రాయలేదని మూడుసార్లు తిప్పి పంపే మన అకౌంట్సు ఆఫీసుల గుమాస్తా ఒకరిని వాషింగ్టన్‌కు డెప్యుటేషన్‌పై పంపి ఉంటే ఎన్ని వందల కోట్లు మిగిలేవో!

ధ్రువపత్రాల తంతు మళ్లీ జరిగింది. పాకిస్థాన్ ఉగ్రవాదంపై నిజాయితీగా పోరాడుతున్నదని విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ 2011 మార్చిలో ధ్రువీకరించారు. మే 2వ తేదీన ఒసామా బిన్ లాడెన్ అబ్బొట్టాబాద్‌లో, పాకిస్థాన్ సైనిక అకాడమీకి కూతవేటు దూరంలో పట్టుబడి హతుడైనాడు. జూలైలో 80 కోట్ల డాలర్ల సైనిక సహాయం నిలిపివేశారు. నవంబరులో సలాలా వద్ద అమెరికన్ దాడిలో 24 మంది పాకిస్థాన్ సైనికులు మరణించగా, కరాచీ నుండి ఆఫ్ఘనిస్థాన్‌కు పోయే సరఫరా మార్గాన్ని పాకిస్థాన్ ఏడు నెలలపాటు మూసివేసింది. సహాయం ఆపితే ఎవరు లొంగివస్తారో ఆనాడు తేలింది. బాల్టిక్ తీరాన రీగా రేవు నుండి రష్యా, కజాఖస్తాన్‌ల మీదుగా ఉజ్బెకిస్తాన్ వరకు రైలు మార్గాన సరుకు తరలించే ఏర్పాటు అమెరికాకు అప్పటికే ఉన్నది. ఆ చుట్టుదారిపైనే ఆధారపడటం వలన నెలకు 10 కోట్ల డాలర్ల అదనపు ఖర్చు అవుతున్నదని వారి రక్షణ మంత్రే చెప్పాడు. చివరకు 2012 జూలైలో విచారం తెలిపి దారి తెరిపించుకున్నారు. సహాయం ఇస్తే పట్టు ఉంటుందని చెప్పే పండితులు ఈ ఏడు నెలలను తమ లెక్కలో ఎక్కడ చూపుతారు?

ఈ అంకెల నడుమ మనుషులు మరుగున పడరాదు. 2008 నవంబరు 26వ తేదీ రాత్రి బొంబాయి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో లష్కర్ హంతకులు యాభై మందికి పైగా ప్రయాణికులను, ఉద్యోగులను కాల్చి చంపారు. పైనున్న తన గదిలోనే కూర్చుని, మైకులో ప్రయాణికులకు బయటపడే దారి చెబుతూ ఎందరి ప్రాణాలనో కాపాడిన ఒక రైల్వే అనౌన్సరు మన సహోద్యోగి. 2014 డిసెంబరు 16వ తేదీన పెషావరు సైనిక పాఠశాలలో పాకిస్థానీ తాలిబన్లు 130 మందికి పైగా పిల్లలను చంపారు. ఆ పిల్లలు కూడా ఈ నలభై ఏళ్ల వ్యాపారానికి బలియైనవారే. సరిహద్దుకు అవతలి దుఃఖం మనకు పట్టదనుకునేవారితో నాకు సంవాదం లేదు.

అవతలి కార్మికుల సంగతి మన సంఘాలలో తగినంతగా చర్చకు రావడం లేదు. 1954 మేలో ఒడంబడిక జరిగితే, జూలైలో పాకిస్థాన్‌లో కమ్యూనిస్టు పార్టీని నిషేధించారు. కార్మిక నాయకుల అరెస్టులు సాగాయి. లాహోరు మొఘల్‌పురా రైల్వే వర్క్‌షాపు నుండి ఎదిగి వచ్చిన మీర్జా ఇబ్రహీం వంటి నాయకులు జీవితంలో పెద్ద భాగం జైళ్లలోనే గడిపారు. ఆయన దేశవిభజనకు పూర్వం మన ఉమ్మడి రైల్వే కార్మికోద్యమంలోని వ్యక్తి. జియా అధికారానికి వచ్చిన ఆరు నెలలకు, 1978 జనవరి 2వ తేదీన, ముల్తాన్‌లోని కాలనీ టెక్స్‌టైల్ మిల్లు కార్మికులపై కాల్పులు జరిగాయి. 1981లో, అనగా రీగన్ ప్యాకేజీ వచ్చిన సంవత్సరంలోనే, పాకిస్థాన్ విమాన సంస్థలో కార్మిక సంఘాల కార్యకలాపాలు నిషేధించారు. సైనిక సహాయం ట్యాంకులనే కాదు, ట్యాంకుల యజమానులనూ పోషించింది. వారు పరిపాలకులైనారు, భూస్వాములైనారు, మిల్లుదారులైనారు.

రైల్వేవారికి ప్రత్యేకంగా ఒక విషయం చెప్పాలి. 1978లో జియా ప్రభుత్వం నేషనల్ లాజిస్టిక్స్ సెల్ పేర సైన్యం అజమాయిషీలో ఒక లారీ రవాణా సంస్థను నెలకొల్పింది. కరాచీ రేవులో పేరుకుపోయిన సరుకును తరలించడానికన్నారు. తరువాతి సంవత్సరాలలో కరాచీలో దిగిన ఆఫ్ఘన్ యుద్ధ సామగ్రిని ఎగువకు చేర్చడంలో ఆ లారీలు పనిచేశాయి. యుద్ధం ముగిసినా లారీలు ఇంటికి పోలేదు. రైల్వేకు ఆదాయం తెచ్చే దూరప్రాంతపు సరుకు రవాణా క్రమంగా రోడ్డు పాలైనది. బ్రిటిషువారి కాలం నుండి పేరుపొందిన వాయవ్య రైల్వేకు వారసురాలైన పాకిస్థాన్ రైల్వే, ఇంజన్లు లేక, సరుకు లేక కృశించింది. ఆ క్షీణతకు అనేక కారణాలున్నాయి. సైన్యమే రవాణా వ్యాపారి కావడం వాటిలో చిన్నది కాదు. 1988 ఏప్రిల్ 10వ తేదీన రావల్పిండిలోని ఓజ్రీ ఆయుధాగారం పేలిపోయి నగరంపై రాకెట్లు వర్షించినప్పుడు మరణించినవారు కూడా సామాన్య ప్రజలే.

ఇక ప్రతివాదన. దానిని దాటవేయడం ధర్మం కాదు. 1990లో సహాయం ఆపినా బాంబు ఆగలేదు కదా, 1998 మే 28న చాగైలో పరీక్షలు జరిగాయి కదా, అంటారు. నిజమే. కాని సహాయం సాగిన పదేళ్లలోనే బాంబు తయారైనది గదా! ఆపడం ఆలస్యమైనందుకు ఆపడాన్ని నిందించడం సబబు కాదు. రెండవ వాదన ఇంతకంటె బలమైనది: అమెరికా తప్పుకుంటే చైనా వస్తుంది. వచ్చింది కూడా. స్టాక్‌హోమ్ శాంతి పరిశోధనా సంస్థ లెక్క ప్రకారం 2020–24 మధ్య పాకిస్థాన్ దిగుమతి చేసుకున్న ఆయుధాలలో 81 శాతం చైనావే. 2025 మేలో జరిగిన నాలుగు రోజుల పోరులో అవతలి నుండి లేచినవి ఎక్కువగా చైనా విమానాలే. కనుక అమెరికా ఆయుధాలు ఆపినంత మాత్రాన పాకిస్థాన్ నిరాయుధమవుతుందని మన పాఠకులకు నేను ఆశ చూపజాలను. ఆపితే జరిగేది అంతకంటె చిన్నది: కరువు భత్యం పెంచమంటే లేదనిపించుకునే అమెరికన్ పన్ను చెల్లింపుదారుని సొమ్ము ఈ పనికి వినియోగపడదు, సైనిక నియంతకు ప్రపంచపు అతి పెద్ద ప్రజాస్వామిక రాజ్యాలలో ఒకదాని ముద్ర దొరకదు. చిన్నదే గాని, లేకుండా పోవలసినంత చిన్నది కాదు.

అయితే ఏది ఆపాలన్న విచక్షణ అవసరం. 1990లో ప్రెస్లర్ కోత సైనిక సహాయంతో పాటు ఆర్థిక సహాయాన్నీ నరికివేసింది. సైన్యాధికారుల క్వార్టర్లలో దీపాలు ఆరలేదు. ఆరినవి పల్లెటూళ్ల ఆసుపత్రులలో. 2009లో కాంగ్రెస్ అయిదు సంవత్సరాలకు 750 కోట్ల డాలర్ల సైనికేతర సహాయం అనుమతించింది. అందులో పాఠశాలలకు, విద్యుత్తుకు, 2010 వరద బాధితులకు చేరిన భాగాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. 2022 వరదలలో మూడు కోట్లకు పైగా పాకిస్థాన్ ప్రజలు కష్టాల పాలైనప్పుడు వచ్చిన సహాయమూ అటువంటిదే. తుపాకీ ఆపాలి, గోధుమలు ఆపకూడదు. పి.ఎల్. 480 గోధుమల ఓడ ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు పట్టి ఉంచుతారో తెలియని 1966 రోజులు మన తరం వారికి గుర్తుంటే ఈ తేడా బోధపడుతుంది.

2018 జనవరిలో ట్రంప్, పాకిస్థాన్ 3,300 కోట్ల డాలర్లు తీసుకుని అబద్ధాలు, మోసమే తిరిగి ఇచ్చిందని ప్రకటించి భద్రతా సహాయం నిలిపివేశాడు. ఆ సెప్టెంబరులో మరో 30 కోట్ల డాలర్ల వాపసు బిల్లు రద్దయింది. మన దగ్గర కొందరు మిఠాయిలు పంచినంత పని చేశారు. 2022 సెప్టెంబరులో బైడెన్ ప్రభుత్వం పాకిస్థాన్ ఎఫ్-16ల మరమ్మతులకు 45 కోట్ల డాలర్ల అమ్మకానికి అనుమతినిచ్చింది. 2025 జూన్‌లో అదే ట్రంప్ పాకిస్థాన్ సైన్యాధిపతిని శ్వేతభవనంలో విందుకు పిలిచాడు. మోసమన్న మాట ఎక్కడికి పోయింది? కోపంతో ఆపిన సహాయం కోపం చల్లారితే తిరిగి వస్తుంది. అందుకే కారణం ముఖ్యం అంటున్నాను. సైనిక పాలకులకు, పొరుగువారిపైన గాని సొంత ప్రజలపైన గాని తుపాకీ ఎత్తేవారికి, మిత్రులైనా కాకపోయినా ఆయుధాలు ఇవ్వరాదన్నది నియమం కావాలి. ఆ నియమం అధ్యక్షుని ధ్రువపత్రంపై ఆధారపడరాదు.

ఈ మాట చెప్పే హక్కు మనకు పూర్తిగా ఉండాలంటే మన ఇంటిని కూడా చూచుకోవాలి. 1965లో అమెరికన్ నిషేధం మనకూ తగిలింది. 2016లో అమెరికా మన దేశాన్ని ప్రధాన రక్షణ భాగస్వామిగా గుర్తించినప్పుడు పాలకులు దానిని విజయంగా చాటారు. పాకిస్థాన్ ఖాళీ చేసిన కుర్చీలో మనం కూర్చోవడం ఏ విధంగా విజయమో నాకు బోధపడలేదు. ఆ కుర్చీ చరిత్రే పైన వ్రాసినదంతా.

పొరుగున పేరుకున్న ఆయుధాలు ఇక్కడి కార్మికుని నోరు మూయించడానికి కూడా ఉపయోగపడ్డాయి. 1971 డిసెంబరు 3న యుద్ధ కారణంగా ప్రకటించిన అత్యవసర పరిస్థితిని యుద్ధం రెండు వారాలలో ముగిసినా ఎత్తివేయలేదు. 1974 మే 8వ తేదీన రైల్వే సమ్మె మొదలైనప్పుడు మన నాయకులను, కార్యకర్తలను వేలాదిగా నిర్బంధించడానికి వాడినవి ఆ భారత రక్షణ నిబంధనలు, మీసా చట్టమే. పాకిస్థాన్‌పై ప్రయోగించవలసిన చట్టం గార్డుల మీద, పాయింట్స్‌మెన్ మీద ప్రయోగించారు. సమ్మె పదకొండవ రోజున, మే 18న, పోఖరాన్‌లో అణు పరీక్ష జరిగింది. పత్రికల మొదటి పుటలలో సమ్మె వార్త క్రిందికి జారింది. కహూటా పనులు ఊపందుకున్నది ఆ తరువాతనే. వాషింగ్టన్ సహాయం కోసినది ఆ కహూటా కోసమే. ఈ గొలుసులో మనం ప్రేక్షకులం కాము.

రాజకీయాలు చేయగలిగినది చేస్తాయి. మన చేతిలో ఉన్న పని ఒకటున్నది. 1976 జూలైలో అమృత్‌సర్, లాహోరుల మధ్య మొదలైన సంఝౌతా ఎక్స్‌ప్రెస్ 2019 ఆగస్టులో నిలిచిపోయింది. 2025 మేలో రెండు దేశాల మధ్య ఉత్తరాల, పార్సెళ్ల మార్పిడిని మన ప్రభుత్వం నిలిపివేసింది. హైదరాబాదు పాతబస్తీలోనూ, కరాచీలోనూ ఒకే కుటుంబానికి చెందినవారు ఎందరో ఉన్నారు. ఎఫ్-16 విడిభాగాలకు దారి దొరికిన చోట వారి పెళ్లి శుభలేఖకు దొరకలేదు. ఆయుధ సహాయంపై మన ఫెడరేషన్ తీర్మానం చేసేటప్పుడు, వాషింగ్టన్‌కు చెప్పవలసిన మాటతో పాటు, ఆ రైలును, ఆ టపాను పునరుద్ధరించాలన్న కోరికను కూడా అదే తీర్మానంలో చేర్చాలనీ, దాని ప్రతిని పాకిస్థాన్ రైల్వే, తపాలా కార్మిక సంఘాలకు పంపాలనీ నా ప్రతిపాదన.